పట్టీ పచ్చగానే ఉంది

పలుకు 1

రోజుకు ఒక్కసారైనా ఈ డబ్బాతో మాట్లాడాలట. మాట్లాడకపోతే నడుముకు కట్టిన పట్టీ కూతపెడుతూనే ఉంటుంది. నిన్న మాట్లాడలేదు. అది కూసింది, మా అత్తకు నిద్ర చెడింది, నాకు తిట్లు పడ్డాయి. కాబట్టి మాట్లాడుతున్నాను, విను.

నా పేరు ఉసేనమ్మ. మాది మూడో గుంత. ఒకప్పుడు ఇక్కడ నాపరాళ్లు తీసేవాళ్లు. ఇప్పుడు ఆ రాళ్లు తీసిన సందుల్లోనే మా కాపురాలు. పగటిపూట పైకి పోతే మనిషి మాడిపోతాడు గనక పొద్దు పొడవగానే గుంత మీద మూత పడుతుంది, పొద్దు గూకినాక లేస్తుంది. ఇదంతా నీకు తెలిసే ఉంటుంది. అయినా మొదటిసారి పేరూ ఊరూ వివరంగా చెప్పాలని రెండో గుంత ఆసుపత్రిలో షమీమ్ సిస్టరు ఆజ్ఞ.

నాకిది తొలిచూలు, తొమ్మిదో నెల. బిడ్డ ఈపాటికి తలకిందులుగా తిరగాలి. తిరగలేదు. మొండిఘటం, నాన్న పోలిక. ఎదురుకాళ్ల బిడ్డ అనీ, నొప్పులు మొదలైన వెంటనే వచ్చేయాలనీ, కడుపు కోసి తీయకపోతే తల ఇరుక్కుంటుందనీ డాక్టరమ్మ చెప్పింది. అంత భయం ఉన్నప్పుడు ఇప్పుడే వచ్చి మీ దగ్గరే పడుంటానన్నాను. కుదరదంది. వాళ్ల గుంతలో ఎంత గాలి ఉంటే అంతమందినే ఉంచుకుంటారు. నొప్పులు పడని మనిషి అక్కడ పడుకుంటే నొప్పులు పడే మనిషికి గాలి చాలదు.

అంటే ఇప్పుడు నా బిడ్డ బతుకంతా ఒక్కదాని మీద ఉంది. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో కనిపెట్టాలి. ముందే పోతే తిప్పి పంపుతారు, ఆలస్యమైతే బిడ్డ దక్కదు. కనిపెట్టడానికే ఈ పట్టీ. దీని మీద దీపం ఆకుపచ్చగా ఉంటే అవి దొంగనొప్పులు, ఎర్రగా వెలిగితే అసలు నొప్పులు. ఎర్రదీపం వెలిగితే పట్టపగలైనా మూత తనంతట తానే లేస్తుంది, ఆసుపత్రి నుంచి చల్లబండి వస్తుంది. పగలు మూత లేపడం ఇంకెవరి చేతిలోనూ లేదు.

పట్టీ చెమటకు ఒరుసుకుని దద్దుర్లు వచ్చాయి. అది కూడా రాసుకో.

పలుకు 4

నేను చెప్పినవాటికి జవాబేమైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నాను.

ఈ రోజు మొదటి పరుగు అయింది. చెబుతాను. పొద్దున బట్టలు పిండి లేచేసరికి కడుపంతా ఒక్కసారి బిగుసుకుంది. వదిలింది. కాసేపటికి మళ్లీ బిగుసుకుంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు, ఉన్నట్టుండి వరసగా రెండుసార్లు బిగిసింది. పట్టీ ఎర్రగా వెలిగింది. మూత లేచింది, వేడి సెగ గుంతలోకి దిగింది, పిల్లాజెల్లా అందరూ లోపలి గదుల్లోకి పరుగెత్తారు, బండి వచ్చింది, నన్ను ఎత్తుకుపోయింది. అక్కడ షమీమ్ సిస్టరు చెంబెడు నీళ్లు తాగించి ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టింది. నొప్పి మాయం. పొద్దు గూకినాక ఇంటికి పంపేశారు. "ఉత్త పరుగు" అని నా పేరు మీద ఒకటి పడింది. ఎర్రగా వెలిగింది పట్టీ, పేరు పడింది నాకు. ఏం న్యాయమో.

ఇంటికొస్తే మా అత్త సుంకులమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె మా గుంతకు గాలిపెద్ద. గాలిపెద్ద అంటే ఊరితిత్తిని ఎవరు ఎప్పుడు తొక్కాలో వంతులు వేసే మనిషి. కొలిమి దగ్గర ఉంటుందే తిత్తి, అలాంటిదే, కాకపోతే ఇల్లంత ఉంటుంది. మా చిన్నప్పుడు గాలి మోటారు కాలిపోయిన ఏడాది నుంచి ఇదే మాకు ఊపిరి. ఇద్దరు ఎక్కి తొక్కుతూ పోతే అది ఉబ్బుతుంది, బాగా ఉబ్బాక ఒక్కసారిగా విడుస్తారు. గుంతంతా గాలి కొడుతుంది, కాళ్ల కింద రాయి జుమ్మంటుంది. మళ్లీ తొక్కుడు, మళ్లీ విడుపు. మూత మూసి ఉన్నంతసేపూ ఇదే. మా ఇళ్లలో గడియారం చూసేవాళ్లు లేరు. రెండు విడుపులకు పాలు కాగుతాయి, ఆరింటికి పప్పు ఉడుకుతుంది.

మూత లేచినప్పుడు దిగిన సెగకు మామకు ఆయాసం ఎక్కువైందని అత్త కోపం. మామ పేరు తిక్కన్న. చిన్నప్పటి నుంచి ఇదే గనిలో రాయి కోసిన మనిషి, ఆ దుమ్మంతా ఆయన ఛాతీలోనే ఉంది. పగలంతా తిత్తి మూతి దగ్గర మంచం వేసుకుని పడుకుంటాడు. అక్కడైతే విడిచిన గాలి ముందు ఆయనకే తగులుతుంది. నన్ను చూసి, ఏం పాపా, ఊరు చూసొచ్చినావా అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పలుకు 9

రెండు పరుగులు ఒకేసారి చెబుతున్నాను, ఎందుకంటే చెప్పాలంటేనే ఒళ్లు మండుతోంది.

రెండోది మంచం మీద నుంచి లేచేటప్పుడు. గజ్జల్లో కత్తి దిగినట్టు పోటు. అరిచాను. పట్టీ పచ్చగానే ఉంది. పట్టీని నమ్మడమా, నా ఒంటిని నమ్మడమా? పట్టీకి పక్కనే ఒక మీట ఉంటుంది, మనకు అనుమానం ఉంటే నొక్కి బండిని పిలుచుకోవచ్చు. నొక్కాను. పోయాక తెలిసింది, బిడ్డ బరువుకు లోపలి నరాలు సాగితే అలా పొడుస్తుందట. తటాలున లేవకుండా పక్కకు ఒత్తిగిలి మెల్లగా లేస్తే పొడవదట. ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చు కదా.

మూడోదానికి కారణం బొరుగుల ఉగ్గాని. ఉగ్గాని ఒక్కటే కాదు, దానిలోకి మిరపకాయ బజ్జీలు. నేను వద్దన్నాను, మా ఆయన మద్దిలేటి వినలేదు, బిడ్డ అడుగుతోందేమో తినమన్నాడు. బిడ్డ అడిగిందో లేదో కానీ పొట్టంతా మెలిపెట్టి చంపింది. నొక్కాను. బండి వచ్చింది. ఆసుపత్రిలో ఒక్క తేన్పు వచ్చేసరికి అంతా సర్దుకుంది. బండి తోలే ఆయన తల అటు తిప్పుకుని నవ్వుకున్నాడు, నేను చూడలేదనుకున్నాడు.

షమీమ్ సిస్టరు మాత్రం నవ్వలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. దొంగనొప్పికి ఒక వరస ఉండదట. ఒకసారి ముందు, ఒకసారి పక్కన, ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా వస్తుంది. లేచి నడిచినా, పక్క మార్చినా, నీళ్లు తాగినా తగ్గిపోతుంది. అసలు నొప్పి అలా కాదు. నడుములో పుట్టి ముందుకు చుట్టుకొస్తుంది, పొట్టంతా రాయి అవుతుంది, వదులుతుంది, మళ్లీ వరస తప్పకుండా వస్తుంది. రానురాను దగ్గర పడుతుంది, గట్టిపడుతుంది. నువ్వు నడువు, పడుకో, తలకిందులుగా నిలబడు, దానికి లెక్క లేదు.

విన్నాను. బాగుంది. కానీ ఇంత మంచిగా చెప్పిన మనిషే, మూడు ఉత్త పరుగులు అయ్యాయి గనక మీట తీసేయాలన్నది. పైవాళ్ల కట్టడి అట. నాలుగు స్క్రూలు తిప్పి మీట ఊడదీసి తన జేబులో వేసుకుంది. ఇక నా మాట మీద బండి రాదు, పట్టీ ఎర్రబడితేనే వస్తుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే.

ఊళ్లో నాకు కొత్త పేరు పెట్టారు. బజ్జీల బాలింత. ఇంకా కననే లేదు, బాలింత ఏమిటి, వీళ్ల మొహాలు.

పలుకు 12

నడుము నొప్పి. కాళ్ల వాపు. రాత్రి పిక్కలు పట్టేశాయి. బిడ్డ కాళ్లు నా పొత్తికడుపు మీద దరువు వేస్తున్నాయి. పట్టీ పచ్చగానే ఉంది. మీరు బాగున్నారు అని కూడా అంటుంది, తియ్యగా, అడిగినా అడగకపోయినా. దాన్ని తీసి పప్పుకుండలో వేయాలనిపిస్తోంది.

ఎప్పుడమ్మా కాన్పు అని దారినపోయే ప్రతి మనిషీ అడుగుతున్నారు. కడుపుతో ఉన్నమ్మ కనక మానుతుందా, వండుకున్నమ్మ తినక మానుతుందా అని అత్త వాళ్లకు సమాధానం చెబుతోంది. కనడం సరే అత్తా, ఎప్పుడో తెలియాలి కదా, అదీ నా ఏడుపు. రోజూ భయపడి భయపడి ఇప్పుడు భయం పోయి కోపం మిగిలింది. ఎవరి మీదో కూడా తెలియడం లేదు. ఈ రోజుకు నీ మీదే అనుకో.

పలుకు 15

పొద్దుటి నుంచి రొట్టెలు చేస్తున్నాను. మా గుంతలో తిత్తి తొక్కలేని మనిషి తొక్కేవాళ్లకు రొట్టెలు చేయాలి, అది ఇక్కడి వాడుక. ఈ రోజు వంతు మా ఇంటిది. మద్దిలేటి, వాళ్ల చిన్నాయన తొక్కుతున్నారు. జొన్నపిండి పిసికి తట్టడం, పెనం మీద వేయడం, నీళ్లు తడిపి తిప్పడం. నడుము నొస్తోంది, అదేం కొత్త కాదు గనక పట్టించుకోలేదు.

మూడో రొట్టె మాడింది. నొప్పికి కళ్లు మూసుకుని పొయ్యి గట్టు పట్టుకుని నిలబడ్డాను, ఆ కాసేపట్లో మాడింది. సరేలే అనుకున్నాను. ఆరో రొట్టె మాడింది. తొమ్మిదోదీ మాడింది. అప్పుడు లెక్క వేశాను. రొట్టెకు రొట్టెకు మధ్య నేను తీసుకునే సమయం ఎప్పుడూ ఒక్కటే. అంటే ఇది వరసగా వస్తోంది.

అత్తను పిలిచాను. ఆమె ముందు నమ్మలేదు. జీలకర్ర కషాయం కాచి తాగించింది, దొంగనొప్పి అయితే పారిపోతుందంది. పారిపోలేదు. ఎడమ పక్కకు పడుకోబెట్టింది. వచ్చింది. లేపి నడిపించింది. వచ్చింది. నడుములో పుట్టి రెండు పక్కల నుంచి ముందుకు చుట్టుకొచ్చి పొట్ట రాయి అయింది. అత్త నా పొట్ట మీద చెయ్యి పెట్టి ఉంచింది, అది గట్టిపడటం ఆమె చేతికే తెలిసింది. ఆమె మొహం మారింది. ఇద్దరం ఒకేసారి పట్టీ చూశాం.

పచ్చగానే ఉంది. పైగా, "మీరు బాగున్నారు, ఇది ఊరి గాలి" అంది.

ఊరి గాలి ఏంటే నీ అమ్మ కడుపు మాడ అని దాన్ని తిట్టాను. ఆసుపత్రికి వేసిన తీగఫోనులో షమీమ్ సిస్టరును పట్టుకున్నాను. ఆమె అంతా వింది. తర్వాత చెప్పింది. నాలుగేళ్ల కిందట మా గుంతలో ఆడవాళ్ల పట్టీలు తిత్తి విడిచిన ప్రతిసారీ అదురుకు ఎర్రబడేవట. ఒకే రోజు ఎన్నోసార్లు బండి ఊరికే వచ్చి ఊరికే పోయేదట. మా ఊరివాళ్లే గొడవపడి, వరసగా వచ్చిపోయే అదురును గాలి కింద లెక్కేసి వదిలేయమని పట్టీలకు నేర్పించారట. గొడవపడింది ఎవరో సిస్టరు చెప్పలేదు. నా పక్కన నిలబడిన అత్త తల దించుకుంది.

నాకు అర్థమయ్యేసరికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వరస లేని దొంగనొప్పికి ఇది ఎర్రబడింది. ఇప్పుడు వరసగా వస్తున్న అసలు నొప్పిని గాలి అనుకుని తీసి పారేస్తోంది. నొప్పి ఎంత నిజమైతే దీనికి అంత గాలి. సిస్టరు నన్ను నమ్మింది, ఆ మాట పైకే అంది. కానీ మూత లేపడం తన చేతిలో లేదంది, పొద్దు గూకేదాకా ఆగగలవా అని అడిగింది. పొద్దు నడినెత్తిన ఉంది. ఇది పొద్దు గూకేదాకా ఆగేది కాదని నాకు తెలుస్తోంది.

ఇప్పుడే ఇంకోటి చూశాను. రొట్టెలు తినడానికి మద్దిలేటి వాళ్లు దిగి, పక్కింటివాళ్లు ఎక్కారు. అలా మనుషులు మారేటప్పుడు ఒక విడుపు తప్పుతుంది. ఆ తప్పిన విడుపులోనే నాకు నొప్పి వచ్చింది. పట్టీ దీపం పసుపు రంగుకు తిరిగి కాసేపు ఆలోచించింది. తిత్తి మళ్లీ మొదలవగానే పచ్చబడింది.

అంటే తిత్తి ఆగితే దీనికి గాలి అనే వంక ఉండదు. అప్పుడు నా నొప్పి నొప్పిగా కనిపిస్తుంది. పోతున్నాను తిత్తి దగ్గరికి. గోడ పట్టుకుని నడుస్తున్నాను, అందుకే ఈ రొప్పు.

పలుకు 16

రెండో గుంత నుంచి మాట్లాడుతున్నాను. కుట్లు లాగుతున్నాయి, మెల్లగా చెబుతాను.

నేను పోయేసరికి మద్దిలేటి మళ్లీ తిత్తి ఎక్కి ఉన్నాడు. ఆపమన్నాను. ఎందుకో చెప్పాను. ఆయనకు నా మాట అర్థమైంది, కానీ కాళ్లు ఆగలేదు. తిత్తి మీదున్న మనిషి ఎవరో వచ్చి ఆపమంటే ఆపకూడదని మాకు పసితనం నుంచి నేర్పుతారు. ఆయన తొక్కుతూనే, నా వెంట వచ్చిన వాళ్లమ్మ వైపు చూశాడు. నేనూ చూశాను. ఈలోగా గోల విని జనం పోగయ్యారు. మూడుసార్లు ఊరికే పోయొచ్చింది, ఇప్పుడు ఊరందరి గాలీ ఆపమంటోందని ఎవరో వెనక నుంచి అన్నారు. బజ్జీలు తిన్నావా అని ఇంకెవరో అన్నారు. నాకు నొప్పి వచ్చి మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. దాంతో నవ్వినవాళ్లు ఆగారు.

అత్త నా పక్కన కూర్చుంది. ఆమెను నేను ఎప్పుడూ అలా చూడలేదు.

"నీ నొప్పి నిజమే పాపా. నేను కాదంటాండానా? తిత్తి ఆపితే ఆ మనిషి సంగతేంది మరి?" అంది.

ఆ మనిషి అంటే మామ. తిత్తి మూతి దగ్గర మంచం మీద పడుకుని అంతా వింటున్నాడు. విడుపు ఒక్కటి తప్పితేనే ఆయనకు ఎగశ్వాస వస్తుంది. పట్టీ నమ్మాలంటే ఎన్ని విడుపులు తప్పాలో ఎవరికి తెలుసు? ఆమె మొగుడు ఆమెకు ముఖ్యం కాదా? నా బిడ్డను బతికించమని అడగగలను, మీ ఆయన్ను చంపుకోమని అడగలేను. అత్తా, నువ్వే చెప్పు అన్నాను. ఆమె చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

మామ మంచం మీద నుంచే చెయ్యి ఎత్తాడు.

"ఆపండ్రా. నా ఊపిరితో నేను కొట్లాడుకుంటా. ఇన్నేండ్ల నుంచీ కొట్లాడుతానే ఉండా గదా."

మద్దిలేటి దిగలేదు. నాయనా అన్నాడు, తొక్కుతూనే ఉన్నాడు. అప్పుడు అత్త లేచి తానే కొడుకు చెయ్యి పట్టి కిందికి దించింది. పొయ్యిలన్నీ ఆర్పమంది, పిల్లల్ని పడుకోబెట్టమంది, ఎవ్వరూ మాట్లాడకుండా కదలకుండా పడుకోమంది. గాలిపెద్ద మాట కదా, అందరూ విన్నారు. నన్ను చూసి నవ్వినవాళ్లు కూడా నేల మీద వెల్లకిలా పడుకున్నారు.

తిత్తి ఆగింది. పగటిపూట ఆ చప్పుడు లేకపోవడం నేను మోటారు పోయినప్పటి నుంచీ ఎరగను. ఎక్కడెక్కడి పసిపిల్లలో ఏడవడం మొదలుపెట్టారు, వాళ్లకు ఆ చప్పుడే జోల. గాలి బరువెక్కింది. మామ ఊపిరి గీరుకుంటూ అందరికీ వినిపిస్తోంది.

మొదటి నొప్పి వచ్చింది. పచ్చ. నేను పట్టీని చేత్తో కొట్టాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది, అది చెడిపోతే ఉన్నదీ పోతుందంది. రెండో నొప్పికి పసుపు తిరిగి అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఎడం నాకు ఏడాదిలా గడిచింది. మామ పెదాలు నల్లబడుతున్నాయి. ఇక చాలు, తొక్కండి అని నేనే అన్నాను, నిజంగానే అన్నాను. మామ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. మాట్లాడే గాలి ఆయన దగ్గర లేదు. అప్పుడు మూడోది వచ్చింది. నేను అంతకుముందు ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. ఎర్రగా వెలిగింది.

మూత లేచింది. అత్త నన్ను చూడలేదు. చీర దోపుకుని తానే తిత్తి ఎక్కి తొక్కడం మొదలుపెట్టింది. నన్ను బండిలో పడుకోబెట్టేదాకా నాకు వినిపించింది ఆ తొక్కుడు చప్పుడే.

ఇక్కడికి వచ్చేసరికి ఉమ్మనీరు పోయింది, బిడ్డ పాదం ఒకటి కిందికి జారింది. డాక్టరమ్మ ఒక్క మాట కూడా అడగకుండా కోసింది. ఆడపిల్ల. ఊపిరి తీయడానికి మొదట కాస్త బద్ధకించింది, తర్వాత ఈ ఆసుపత్రి పైకప్పు లేచేలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎంత సంతోషమో అంత కోపం, రెండూ కలిసి ఏడ్చాను.

పొద్దు గూకినాక మద్దిలేటి వచ్చాడు. మామ ఉన్నాడు. లేచి కూర్చోలేడు, మాట సరిగా రావడం లేదు, కానీ ఉన్నాడు. బిడ్డను తొందరగా తీసుకురా, ఈ ముసలాయన నిద్రపోనివ్వడం లేదు, చూడాలంట అని అత్త చెప్పి పంపింది. మద్దిలేటి బిడ్డను ఎత్తుకోవడానికి భయపడి వేలు మాత్రం అందించాడు. ఆ వేలు పట్టుకుని అది నిద్రపోయింది. నాకు ఆయన మీద ఉన్న కోపంలో సగం అప్పుడే పోయింది. మిగతా సగం ఇంటికి పోయాక చూసుకుంటాను.

పలుకు 17

నువ్వు కూడా మాట్లాడతావని నాకు తెలియదు.

ఇన్ని రోజులు ఒక్క జవాబు లేదు, ఈ రోజు పొద్దున్నే గొంతు విప్పావు. అదే తియ్యటి గొంతు. పట్టీల ఆఫీసు వాళ్లు నీతో చెప్పించారు. ఆ రోజు మూడో గుంతలో తిత్తిని కావాలని ఆపారట. ఊరి గాలి నడుస్తున్నప్పుడు తీసిన లెక్కే లెక్కట, ఆపి తీసింది చెల్లదట. కాబట్టి ఆ ఎర్రదీపం తప్పట, నాకు వచ్చింది నొప్పి కాదట. నా పేరు మీద నాలుగో ఉత్త పరుగు పడిందట. నా వివరణ నచ్చేదాకా మూడో గుంతకు పగటిపూట బండి పంపరట.

రెండుసార్లు చెప్పించుకున్నాను, పొరపాటున విన్నానేమోనని. అక్షరం మారలేదు. షమీమ్ సిస్టరు పక్కనే నిలబడి వింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తాను రాసి పంపిందట, కుట్లు లెక్కపెట్టి మరీ రాసిందట. దీనికి మనుషుల రాత అక్కర్లేదు, పలుకే కావాలంటోందని చెప్పింది.

మా వీధిలో నాగులమ్మకు ఎనిమిదో నెల. ఆమెకు నొప్పులు పగలు వస్తే? మళ్లీ తిత్తి ఆపాలా? ఈసారి ఎవరి ఊపిరి ఆపాలి? తిడదామని నోరు తెరిచాను. ఇన్నాళ్లూ తిడుతూనే ఉన్నాను, ఒక్క తిట్టు అయినా నీ చెవిన పడిందా? నడుము అన్నాను, పొట్ట అన్నాను, వరస అన్నాను. నా మాటలన్నీ నీకు గాలి.

సరే. వివరణ కావాలన్నావు కదా. నేను మాట్లాడను. పిల్లకు పాలవేళ అయింది, ఒడిలోకి తీసుకున్నాను, పట్టడం కాస్త ఆలస్యం చేస్తున్నాను. పాపం, తప్పే. ఒక్క నిమిషం ఓర్చుకో తల్లీ. డబ్బా, నిన్ను పిల్ల మూతికి దగ్గరగా పెడుతున్నాను.

ఇదిగో, మీ నాలుగో ఉత్త పరుగు ఏడుస్తోంది. విను.